ముందు బెంచి పిల్ల

నా భార్య తైవాన్‌ల పీహెచ్‌డీ చదువుతది, అక్కడి కాలేజీ పిల్లలకు కెమిస్ట్రీ ల్యాబ్ క్లాసు చెప్తది. నేను పటాన్‌చెరు దిక్కు ఒక ఫ్యాక్టరీకి స్టాఫ్ బస్సు నడుపుత. తొమ్మిదో తరగతి నడుమల బడికి సెలవు పెట్టిన, ఆ సెలవు ఇంకా అయిపోలే. ఇద్దరికీ ఎట్ల కుదిరింది అని అడిగేటోళ్లకు ఒక్కటే చెప్త. ఆమె మా మేనమామ బిడ్డ. పైగా అప్పట్ల మా ఫ్యాక్టరీ ల్యాబ్‌లనే పని చేసేది, రోజూ నా బస్సే ఎక్కేది, డ్రైవర్ వెనక సీటు. అద్దంల రోజూ కనవడే మనిషి ఎటూ పోదనుకున్న.

అక్కడ మధ్యాహ్నం తిన్నంక లైట్లు ఆర్పి, బల్లల మీద తల పెట్టి అందరూ పండుకుంటరంట. చదివేటోళ్లు, చెప్పేటోళ్లు, అందరూ. నాకు మొదటి కుళ్లు అక్కడ్నే పుట్టింది. మా దగ్గర స్టీరింగ్ మీద తల పెడితే సెక్యూరిటాయన వచ్చి అద్దం కొడ్తడు. అయితే ఆమెకు పగటి నిద్ర రాదు. అందరూ పండుకోంగనే బయటి మెట్ల మీదికి పోయి నాకు వీడియో కాల్ చేసేది. మాకు అప్పుడు ఇంకా పొద్దుగాల. జనరల్ షిఫ్టోళ్లను దింపి, గేటు బయట బస్సు నిలబెట్టి చాయ్ తాగుతుంటి.

మధ్యాహ్నం పిల్లలకు చెప్పాల్సిన పాఠం ముందు నాకు తెలుగుల చెప్పి చూసుకునేది. గుసగుసగ, లోపల పండుకున్నోళ్లు లేవకుంట. “నీకు అర్థమైతే ఇగ ఎవలకైనా అర్థమైతది బావా” అనేది. అది పొగడ్తనో తిట్టో నేను అడగలే. ఫోన్ వెనక్కి తిప్పి ఖాళీ సీట్లు చూపిచ్చి, “వెనక బెంచోళ్లకు వినవడ్తలేదంట మేడం” అంటే, నవ్వు బయటికి రాకుంట కొంగు నోట్లె పెట్టుకునేది. అక్కడ గూడ ఎండాకాలం చీరనే కడ్తది, పిల్లలు ముట్టి చూస్తరంట.

ఒకరోజు డిస్టిలేషన్ అన్నది. కలిసిపోయిన రెండు ద్రవాలను మరిగిచ్చి వేరు చేసుడు. తక్కువ వేడికి మరిగేది ముందు ఆవిరై పోతది, ఎక్కువ వేడి కావాల్సింది గిన్నెలనే ఉంటది. రెండుసార్లు చెప్పింది, నాకు ఎక్కలే.

“అంటే నా బస్సు లెక్కనా? పటాన్‌చెరు స్టాపు వస్తే పటాన్‌చెరోళ్లు దిగుతరు, బీరంగూడోళ్లు కూసునే ఉంటరు.”

ఆమె పెన్ను తీసి చెయ్యి మీద రాసుకున్నది. “ఇదే చెప్త బావా ఇయ్యాల.”

ఆ దినమంతా నేను నేల మీద నడవలే. మా పటాన్‌చెరు స్టాపు సముద్రాలు దాటి బోర్డెక్కింది. సాయంత్రం బీరంగూడ కాడ దిగేటోళ్లకు గూడ చెప్పిన, “మీరు తైవాన్‌ల ఫేమస్ అయిండ్రు” అని. నన్ను పిచ్చోన్ని చూసినట్టు చూసుకుంట దిగిపోయిండ్రు.

మర్నాడు ఫోన్ చేసి నవ్వుడే నవ్వుడు. ముందు బెంచిల ఒక పిల్ల ఉన్నదంట, గుండ్రం కండ్లద్దాలు, మస్తు తెలివి. బస్సు సంగతి విని చెయ్యి లేపిందంట. మేడం, పటాన్‌చెరు కాడ బీరంగూడోళ్లు గూడ ఒకలిద్దరు దిగుతరు గద, ఏదో పని పడి? ఆవిరిల గూడ గట్లనే రెండోది కొంచెం కలిసే వస్తది, అందుకే ఒక్కసారి మరిగిస్తే సాలది, అన్నదంట.

“ఎంత మంచిగ చెప్పిందో సూడు బావా. నేను గూడ గట్ల ఆలోచన చెయ్యలే.”

ఆ పిల్ల చెప్పింది నిజమే. బీరంగూడోళ్లు ఇద్దరు ముగ్గురు రోజూ పటాన్‌చెరుల కూరగాయలకు దిగుతరు. నేనే బ్రేకు కొట్టి దింపుత. నా బస్సుల జరిగే ముచ్చట, నా బస్సు మొఖం చూడని పిల్ల నా పెండ్లానికి చెప్పింది.

ఆ నాటి సంది ప్రతి ఫోన్‌ల ఆ పిల్లనే. ఆ పిల్ల ఇట్ల అడిగింది, ఆ పిల్ల గట్ల అన్నది, వానొస్తే ఆ పిల్ల గొడుగు ఇచ్చింది. గొడుగు మాట విన్నంక నాకు చాయ్ సహించలే. పక్క బండి డ్రైవర్ చూసి అడిగిండు.

“ఏందన్నా, వదిన మీద అనుమానమా?”

“ఆమె మీద కాదు రా. ఆమె స్టూడెంట్ మీద.”

“పిల్లగాడా?”

“పిల్ల.”

వాడు చాయ్ కప్పు కింద పెట్టిండు. “పిల్లైతే నీకేం నొప్పి?”

అదే నా బాధ. పిల్లగాడైతే పదిమందికి చెప్పుకోవచ్చు, పెద్దమనుషులల్ల పెట్టొచ్చు. పాఠం నాకంటే మంచిగ విన్నదని ఒక ఆడపిల్ల మీద కుళ్లుకుంటే ఏ పెద్దమనిషి వింటడు?

ఇగ నేనే చదువుడు మొదలుపెట్టిన. ఫోన్‌ల ఇంటర్ పిల్లల వీడియోలు ఉంటయి, తెలుగుల. షిఫ్టు షిఫ్టుకు నడుమ అవే చూసిన. మరుగు స్థానం, బాష్పం, ఆవిరిని చల్లార్చే గాజు గొట్టం. బడిల ఉన్నప్పుడు గింత చదివి ఉంటే సార్లు నన్ను గుర్తు పట్టకపోదురు. ఆమె తర్వాతి పాఠం మొదలుపెట్టంగనే నేను అందుకున్న. ఆమె ఒక్క మాటంటే నేను రెండు చెప్పిన. ముందు బెంచిల కూసున్నట్టు చెయ్యి గూడ లేపిన.

ఆమె ఆగిపోయింది. “ఇది నీకెట్ల తెలుసు?”

“పుట్టుకతోనే.”

“నిజం చెప్పు బావా.”

చెప్పిన. మెచ్చుకుంటదనుకున్న. మెట్ల మీద కూసోని, మొఖం ముడుసుకున్నది.

“నీకు తెలిసిపోతే నాకేం ఫాయిదా? నువ్వు ఎక్కడ ఆగుతవో పిల్లలు గూడ అక్కడ్నే ఆగుతరు. అది చూసే బోర్డు మీద ఏది ముందు రాయాల్నో తేల్చుకునేదాన్ని. ఇప్పుడు నువ్వు ఎక్కడ గూడ ఆగుతలేవు.”

“ఆగుత. చెప్పు, ఎక్కడ ఆగమంటవు?”

నవ్వలే. తర్వాత ఆ వేళకు ఫోన్ రాలే. రెండు వారాలు దాటినంక రాత్రి మామూలు ముచ్చట్లల్ల అడిగితే, ఇప్పుడు ఆ ముందు బెంచి పిల్లనే మెట్ల మీద కూసోబెట్టుకోని చెప్పి చూసుకుంటున్న అన్నది. క్లాసుల మాట్లాడే ఇంగ్లీష్ గూడ సాపైతదంట. మంచిదే అన్న. ఆ మాట అననీకె నాకు ఎంత కష్టమైందో క్లచ్‌కు తెలుసు, మర్నాడు దాని మీదనే తీర్చుకున్న. చదువు రాదని నన్ను ఎవ్వలూ ఉద్యోగంలకెళ్లి తీసెయ్యలే. వచ్చినందుకు ఇంటామె తీసేసింది.

మొన్న మధ్యాహ్నం, షిఫ్టు విడిచేముందర, బస్సుల ఇంకా ఎవ్వలూ ఎక్కలే. ఫోన్ మోగింది. ఆమె జుట్టు పైకి ముడేసుకున్నది, కండ్లు ఎర్రగున్నయి. ముందల లావు పుస్తకం. వచ్చే వారం ఆమెకే పరీక్ష. అందుల తప్పితే చదువు నడుమల్నే ఆగిపోతది, క్లాసులు చెప్పుడు గూడ బందైతది.

“బావా, ఈ పేజీ నాకు ఎక్కుతలేదు. నీకు చెప్పుకుంట పోత, జెర వింటవా?”

“నాకేం తెలుసని?”

“నాకు గూడ ఏం తెల్వదు. అందుకే.”

చెప్పుడు మొదలుపెట్టింది. ఒక కాడ ఆగేది, వెనక్కి పొయ్యేది, “ఉండు, ఇది కాదు” అని కొట్టేసేది. ఇన్ని దినాలు తెలిసిన పాఠమే చెప్తుండె, తెల్వక తడుముకునుడు నేను ఎన్నడూ చూడలే. నాకు ఒక్క ముక్క అర్థం కాలే గాని పానం నిమ్మళమైంది. ఆ ముందు బెంచిల కూసున్నదానికి ఈ మేడం కనవడదు. ఈమె నాకొక్కనికే.

“ఇది ఆ పిల్లకు చెప్పకు” అన్న.

“నిన్ననే అడిగిన బావా దాన్ని” అన్నది పుస్తకంల నుంచి తల లేపకుంట. “రాత్రి దాంక ఇద్దరం కూసున్నం.”

షిఫ్టోళ్లు ఎక్కుడు మొదలైంది. డోరు కాడ టిఫిన్ డబ్బాల చప్పుడు. ఒకాయన నా భుజం తట్టి, “చలో డ్రైవర్ సాబ్” అన్నడు. నేను ఇంజిన్ ఆన్ చెయ్యలే.

“మరి దానికి వచ్చిందా?”

“రాలే.”

“ఒక్క ముక్క గూడనా?”

“ఒక్క ముక్క గూడ రాలే, బావా. ఎందుకడుగుతున్నవు?”

“ఏం లేదు. మొదటి నుంచి మల్ల చెప్పు” అని, ఫోన్ డ్యాష్‌బోర్డుకు ఆనిచ్చి, భుజం తట్టినాయనను జెర కూసోమన్న.