ముళ్ళకంప కోసం గ్రాంటు

మా ఆయన ఇప్పటికీ నన్ను ఏడిపించే మాట ఒకటుంది. "మనకేమో రెండు బెడ్‌రూములు, ఉడుములకేమో ఎకరాలా?" అంటాడు. మేం కోస్తా నుంచి ఉద్యోగాలకొచ్చి, నగరం అంచున బహదూర్‌పల్లిలో స్థిరపడ్డవాళ్ళం. మా ఫ్లాట్ బాల్కనీలో నిలబడితే స్లాబులూ సెంట్రింగు కర్రలూ తప్ప ఇంకేమీ కనపడవు. మా కాలనీ కూడా ఒకప్పుడు ఏవో పిట్టల గూళ్ళు చెరిపి కట్టిందేనని నాకు తెలుసు. అందుకేనేమో, ఆయన మాటకు నాకు నవ్వు రాదు. ఒళ్ళు మండుతుంది.

ఆదివారాలు పిట్టల్ని చూడటానికి తిరిగే మేం కొందరం కలిసి చిన్న సంఘం పెట్టుకున్నాం. అలా తిరుగుతున్నప్పుడే అలియాబాద్ ఊరి వెనక గుట్ట కింద ఉన్న బీడు మా కంట పడింది. రేగుకంప, తంగేడు, బలుసు, అక్కడక్కడా ఈతచెట్లు. ఎవరు చూసినా దేనికీ పనికిరాదని పెదవి విరిచే నేల. కానీ ఆ కంపల్లో నెమళ్ళు గుడ్లు పెట్టేవి. కౌజుపిట్టలు పిల్లల్ని వెంటేసుకుని తిరిగేవి. ఉడుములు పొద్దున్నే బండలెక్కి ఎండ కాచుకునేవి. చుట్టుపక్కల భూములన్నీ ప్లాట్లయిపోయాక వాటికి మిగిలిన చోటు అదొక్కటే. అందులోనూ హద్దురాళ్ళు పాతేస్తే ఇక అవి పోవడానికి చోటు లేదు. ఆ దిగులు నన్ను ఆఫీసులో కూడా వదిలేది కాదు.

భూమి సొంతదారు ఆ ఊరి చర్చిలో పెద్ద. ఊళ్ళో అందరూ ఆయన్ని పెద్దాయనా అనే పిలుస్తారు, మేమూ అలాగే పిలిచాం. వెంచర్ల వాళ్ళు రోజూ గడప తొక్కుతున్నా ఆయన ఎవరికీ మాటివ్వలేదు.

"మా నాయిన మ్యాకల్ని గాసిన జాగ అమ్మా అది. ప్లాట్లు జేస్తమంటె నాకు మనసొప్పుతలేదు. మీరు పిట్టల కోసమంటున్నరు గద, మీకైతె ఇస్త. గని జల్దీ జేయున్రి. అమ్ముదమని మా పిలగాండ్లు ఆగుతలేరు" అన్నాడు.

కొనేంత డబ్బు మాలో ఎవరి దగ్గరా లేదు. ఇలాంటి నేలల్ని కొని, ఉన్నవి ఉన్నట్టు కాపాడటానికి గ్రాంటు ఇచ్చే సంస్థ ఒకటి బెంగళూరులో ఉందని తెలిసి దరఖాస్తు పెట్టాం. వాళ్ళు అడిగిన ప్రశ్నలకు అంతు లేదు. మధ్యాహ్నం అన్నం డబ్బా పక్కన పెట్టుకుని జవాబులు రాసేదాన్ని. ఏ పొద ఎక్కడుంది, ఏ జీవి ఎప్పుడు కనపడింది, అన్నీ రాయాలి. మొత్తానికి ఒప్పుకున్నారు. వాళ్ళ మనిషి వచ్చి నేలను కళ్ళారా చూసుకుని వెళ్ళడం ఒక్కటే మిగిలింది.

ఆ సంగతి చెబుదామని పెద్దాయనకు ఫోన్ చేశాను. "మంచిదమ్మా, రమ్మనున్రి. ఇగ నేను సూసుకుంట" అన్నాడు. ఏం చూసుకుంటాడో నేను అడగలేదు. టీ, టిఫిన్ల సంగతి కాబోలు అనుకున్నాను.

బెంగళూరు నుంచి వచ్చినావిడను సుచిత్ర చౌరస్తాలో హోటల్ దగ్గర కారెక్కించుకుని పొద్దున్నే బయల్దేరాం. పెళ్ళిచూపులకు తీసుకెళ్తున్నదానిలా దారి పొడుగునా ఆ నేల సుగుణాలన్నీ ఏకరువు పెట్టాను. ఆవిడ ఓపిగ్గా వింది. శామీర్‌పేట దాటి, హైవే దిగి మట్టిరోడ్డు మలుపు తిరిగాక, "దారి తప్పినట్టున్నాం" అన్నాను డ్రైవరుతో.

తప్పలేదు. ఎదురుగా అదే గుట్ట. దాని కింద ఎర్రటి మట్టి, అరచేతిలా చదునుగా ఉంది. నేల నిండా జేసీబీ పళ్ళ గీతలు. ఒక మూల వేళ్ళతో సహా పెకిలించిన కంపంతా కుప్ప పోసి అంటించారు, ఇంకా పొగ వస్తోంది. గట్టు మీది రాళ్ళకు సున్నం కొట్టారు. మా కోసం చిన్న షామియానా వేసి కుర్చీలు పరిచారు. తీతువుల జంట ఒకటి ఆ నేల మీద గిరికీలు కొడుతూ ఆగకుండా అరుస్తోంది.

పెద్దాయన ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా వేసుకుని ఎదురొచ్చాడు. ముఖం వెలిగిపోతోంది.

"ఎట్లున్నదమ్మా? నిన్న పొద్దుగాల్ల నుంచి జేసీబీ పెట్టించిన. ఒక్క ముల్లు లేకుంట సాఫ్ జేయించిన!"

"ఎందుకు చేయించారండీ?" అన్నాను.

"గదేందమ్మా, గట్లంటవు! మా సర్చికి పాస్టర్‌గారొస్తేనే జాగంత ఊడ్సి రాళ్ళకు సున్నమేస్తం. గింత దూరంకెళ్లి పెద్దమనుషులొస్తుంటె గా కంపల నడిపిస్తమా? పాములుంటయ్. జాగ మంచిగ కనవడాలె గద."

ఆయన అన్నదాంట్లో వింతేమీ లేదు. ఈ వైపు భూమి చూపించాలంటే ముందు జేసీబీనే పిలుస్తారు. కంపతో ఉన్న భూమిని చూపించడమంటే మాసిన బట్టలతో చుట్టాల ముందుకు రావడమంత నామోషీ. పిట్టల కోసమని మేం చెప్పింది ఆయన నమ్మాడు. పిట్టల కోసమంటే పార్కనుకున్నాడు. ముందు చదును చేసి, తర్వాత చెట్లు నాటుతామనుకున్నాడు. కంపను ముట్టుకోవద్దని చెప్పాలని మాకెవరికీ తట్టనే లేదు. కంపను కోరుకునే మనుషులుంటారని ఆయనకూ తట్టలేదు.

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఇంట్లో, ఆఫీసులో అందరికీ తెలుసు. ఆ వేళ అరిచి గోల చేయాల్సిందాన్ని. కానీ ఎవరి మీద అరవను? మర్యాద చేసిన మనిషి మీదా?

బెంగళూరు ఆవిడ ఆ మట్టిలో కొంతదూరం నడిచి వంగింది. ఒక గుడ్డు పెంకు ముక్క తీసి చూసి, మళ్ళీ అక్కడే పెట్టేసింది. తిరిగొచ్చి నాతో ఇంగ్లీషులో మెల్లగా చెప్పింది. వాళ్ళ డబ్బు ఉన్నదాన్ని కాపాడటానికట, పోయినదాన్ని మళ్ళీ పెంచడానికి కాదట. ఈ గ్రాంటు ఇంకో చోటికి వెళ్ళిపోతుందట. "రెండు వానాకాలాలు ఆగితే మళ్ళీ మొలుస్తుంది, కాస్త ఆగండి" అని బతిమాలాను. ఆవిడ కాలుతున్న వేళ్ళ కుప్ప వైపు చూసింది. చాలా బాధగా ఉందని, అయినా తన చేతుల్లో లేదని చెప్పింది.

"ఏమంటున్నరమ్మా మేడమ్?" అని పెద్దాయన నన్నడిగాడు.

నిజం చెప్పడానికి నాకు ధైర్యం చాలలేదు. "వాళ్ళ దగ్గర ఈ ఏడు డబ్బుల్లేవంట, పెద్దాయనా" అన్నాను.

ఆయన ముఖం ఒక్క క్షణం వాడింది. అంతలోనే నాకు ధైర్యం చెప్పడం మొదలుపెట్టాడు.

"గంతేనా? గీ మాత్రానికి పరేషానెందుకమ్మా? వచ్చే యేడు ఇస్తరేమో. పిలగాండ్లకు నేను జెప్పుకుంట, జాగ ఎటువోదు. అప్పటిదాంక ఒక్క కంప మొలవనియ్య. మొలిసినప్పుడల్ల నేనే సాఫ్ జేయిస్తుంట. మీరు నిమ్మలంగుండున్రి."

ఇక దాచి లాభం లేదు. దాచితే ఆ నేల మీద గడ్డిపరక కూడా మిగలదు. ఆయన్ని షామియానా కింద కుర్చీలో కూర్చోబెట్టి, పక్కన నేనూ కూర్చుని అంతా చెప్పాను. నెమలి గుడ్డు పెట్టాలంటే పొద కావాలని, కౌజుపిట్ట దాక్కోవాలన్నా అదే కావాలని, గ్రాంటు వచ్చింది ఆ ముళ్ళకంప కోసమేనని, ఆవిడ అంత దూరం నుంచి చూడవచ్చింది దాన్నేనని చెప్పాను. చెబుతుంటే నాకు ఏడుపు వచ్చేసింది. ఆయన పొగ వైపే చూస్తూ కూర్చున్నాడు.

అంతా విని నా వైపు తిరిగాడు.

"అంటె అమ్మా, నేనేం జేయకుంట ఇంట్ల పండుకున్నా పని అయిపోతుండె అన్నట్టు."

"అవును, పెద్దాయనా" అన్నాను.