ముప్పై దగ్గర ఆపిన లెక్క

కొత్త జిల్లాలు ఏర్పడిన మరుసటి ఏడాది జూన్‌లో, పాల్వంచ దాటాక భద్రాచలం దారిలో అడవి లోపలికి ఉన్న ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి నన్ను ల్యాబ్ టెక్నీషియన్‌గా బదిలీ చేశారు. రక్తపు చుక్కలో మలేరియా క్రిమి ఉందో లేదో మైక్రోస్కోపులో చూసి చెప్పడం నా పని. ఉంటే రిజిస్టరులో ఎర్ర సిరాతో, లేకపోతే నీలి సిరాతో రాస్తాం.

మైక్రోస్కోపులో ఒకసారి కనబడేంత మేరను ఫీల్డు అంటాం. నూరు ఫీల్డులు చూడనిదే ‘లేదు’ అని రాయకూడదన్నది రూలు. ఆ వానాకాలం ఊరూరా జ్వరాలు. బల్ల మీద స్లైడ్లు పేరుకుపోయేవి. నేను ముప్పై ఫీల్డులు చూసి నీలి సిరా అందుకోవడం అలవాటు చేసుకున్నాను. సాయంత్రం బస్సు ఒక్కనాడూ తప్పలేదు. మెడికల్ ఆఫీసరు డాక్టరమ్మ మీటింగుల్లో నా వేగాన్ని మెచ్చుకునేవారు. నేను వినయంగా తల వంచుకునేవాణ్ణి.

ఆగస్టులో ఒకరోజు ఆశా కార్యకర్త నాగమణి వచ్చింది. అప్పటికప్పుడు ఫలితం చెప్పే కిట్లు అయిపోవడంతో, ఆమె తన ఊరివాళ్ల రక్తం స్లైడ్ల మీద తీసి పంపుతోంది. అందులో లచ్చమ్మ అనే బాలింత స్లైడుకు నేను రెండు రోజుల కింద ‘లేదు’ అని రాశాను.

“లచ్చమ్మకు జ్వరం దిగలే సార్. పొద్దుగాల నుంచి మాట తడబడుతున్నది. భద్రాచలం దవాఖానాకు తోలిన. స్లైడు నేనే మంచిగ తియ్యలేదేమో, జర మల్ల చూడుండ్రి,” అంది.

పెట్టెలోంచి ఆ స్లైడు తీశాను. ఆమె చక్కగానే తీసింది. ముప్పై దాకా ఏమీ లేదు. నలభై మూడో ఫీల్డులో క్రిములు ఉంగరాల్లా కనబడ్డాయి. మెదడుకు ఎక్కే రకం. వెంటనే భద్రాచలం ఫోన్ చేసి చెప్పాను. అక్కడ ఇంజెక్షన్లు మొదలుపెట్టారు.

“ఇంకో స్లైడు తెప్పించి, దాంట్లో దొరికిందని రాయండి. మొదటిది నాగమణి సరిగా తీయలేదనుకుంటారు, అంతే,” అన్నారు సంగతి విన్న డాక్టరమ్మ. నాకు రెండేళ్ల సర్వీసు మిగిలి ఉంది. సలహా పనికొచ్చేదే. అరగంట ఆలోచించాను కూడా. ఆ అరగంటకు ఇప్పటికీ సిగ్గుపడతాను. నాగమణికి రక్తం తీయడం రాదని, ఊళ్లో అప్పటికే సూది గుచ్చడానికి ఆమె చేతికి వేలు ఇవ్వడం మానేశారు. చివరికి పాత వరుస పక్కనే ఎర్ర సిరాతో రాశాను: ‘క్రిమి ఉంది. మొదట నేను ముప్పై ఫీల్డులే చూశాను.’ కింద సంతకం చేశాను.

నాలుగో రోజుకు లచ్చమ్మ మనుషుల్ని గుర్తుపట్టింది. నేను నాగమణిని వెంటబెట్టుకుని వాళ్ల ఊరు వెళ్లి, లచ్చమ్మ భర్త ముత్తయ్యతో పదిమంది ముందు తప్పు నాదేనని చెప్పాను. తిడతాడని సిద్ధపడే వెళ్లాను. అతను తిట్టలేదు. “ఇంక ఎవరెవరివి గిట్ల చూసినవ్ సారూ?” అన్నాడు.

మర్నాటి నుంచి పెట్టెలోని నీలి సిరా స్లైడ్లన్నీ మళ్లీ చూశాను. పది ఫీల్డులకు ఒక ఇప్పగింజ చొప్పున డబ్బాలో వేస్తూ, పది గింజలు పడ్డాకే స్లైడు దించాను. రెండు వారాలు సాయంత్రం బస్సు అందలేదు. ఇద్దరు దొరికారు. ఒకామెకు మందు వేశాం. రెండోవాడు పశువులు కాసే ముసలాయన, అప్పటికే చనిపోయాడు. జ్వరంతోనే పోయాడని ఇంట్లోవాళ్లు చెప్పారు. ఆయన స్లైడులో క్రిమి ఉందని, మొదట నేను ముప్పై దగ్గరే ఆపానని వాళ్లకు చెప్పాను.

మెమో ఇచ్చారు. అది నా సర్వీసు బుక్కులో ఉంది, ఉండాలి. రిటైరయ్యేదాకా గింజల డబ్బా బల్ల మీదే ఉంచాను. నా పని జ్వరం ఎక్కడుందో వెతకడం. స్లైడ్లు అవగొట్టడమే పని అనుకుని ఆ వానాకాలం గడిపాను. ముత్తయ్య అడిగిన మాట డాక్టరమ్మ అడగలేదు, పై ఆఫీసు అడగలేదు. ఆ ప్రశ్న నాకు నేనూ వేసుకోలేదు.