అవ్వ చెప్పిన సముద్రం

శామీర్‌పేట చెరువు పక్కనున్న చిత్రకారుడి ఇంటికి మీరెప్పుడైనా వచ్చివుంటే, మీకు తలుపు తీసింది అవ్వే. మొన్న ఆదివారం పొద్దున ఆమె పోయింది. ఆమె కూతురు ఫోన్లో చెబుతుంటే, "ఏ అవ్వ?" అని రెండుసార్లు అడిగాను.

చిత్రకారుడు పోయాక ఆ ఇంటిని మ్యూజియం చేసి, చూసుకోవడానికి నన్ను పెట్టారు. అవ్వ మాత్రం ఆయన వేసవులకు ఇక్కడికొచ్చే రోజుల నుంచే ఉంది. చేపలు పట్టే ఇంటి మనిషి. చీపురు చేతిలో ఉంటే చాలు, ఇల్లంతా ఆమె రాజ్యమే. రాగానే ఫోన్లెత్తే కాలేజీ పిల్లల్ని, "ముందుగాల కండ్లతోని సూడుండ్రి, ఫోటోలు యాడికి పోవు" అని కసిరేది. నేను టీ కప్పు కిటికీలో పెడితే ఆ పూటకు నాతో మాటల్లేవు.

ఆయన సముద్రం బొమ్మలకు పెట్టింది పేరు. ఒకరోజు నేను ఆ సముద్రాల గురించి ఉపన్యాసం దంచుతుంటే అవ్వ పక్కున నవ్వింది.

"సముద్రం ఏడిది సార్? గది మా సెరువే. ఎండకాలం దాంట్ల నీళ్లుంటయా? నిండి మత్తడి మీదికెల్లి నీళ్లు దుంకితె ఎట్లుంటదో నేను సెప్తాంటె, పెద్దసారు గా కిటికికాడి కుర్చీల కూసొని ఏసిండు."

ఆ మాటే తర్వాత నేను అందరికీ చెప్పాను. మెచ్చుకోళ్లు నాకొచ్చాయి.

ఆ కుర్చీ చుట్టూ తాడు కట్టించింది నేనే. ఎవరూ కూర్చోకూడదని నియమం. పోయిన వానాకాలం చెరువు నిండినప్పుడు అవ్వ మెల్లగా అడిగింది.

"ఒక్కపారి గా కుర్చీల కూసుంట సార్. నేను సెప్పింది ఆయనకెట్ల కనవడ్డదో సూస్త."

ఇన్నేళ్లూ దాన్ని తుడిచిందే కానీ ఒక్కసారీ కూర్చోలేదు.

"సోమవారం సెలవు కదా అవ్వా, అప్పుడు చూద్దాం" అన్నాను. పైవాళ్లకు తెలిస్తే మాటొస్తుందని భయం. సోమవారాలు ఎన్నో వెళ్లిపోయాయి. ఆమె మళ్లీ అడగలేదు, మరిచిపోయిందిలే అనుకున్నాను. తలుచుకుంటే సిగ్గుతో ఏడుపొస్తోంది.

నిన్న అవ్వ కూతురు తాళాలగుత్తి ఇచ్చిపోదామని వచ్చింది. కిటికీ అవతల చెరువు నిండుగా ఉంది. నేను తాడు విప్పి, "రామ్మా, అవ్వ బదులు నువ్వైనా కూర్చో" అన్నాను.

ఆమె నీళ్లవైపు చూసింది.

"మా అమ్మే కూసోలె. నేనెట్ల కూసుంట సార్?"

కొంగుతో కుర్చీ తుడిచి, నేను విప్పిన తాడును తనే మళ్లీ కట్టేసింది.