ఒక్క వరుసలో ఏడు తరాలు

ఝరాసంగం బస్సులో ఆ రోజు నన్ను చూసి ఇద్దరు లేచి సీటిచ్చారు. మా వంశం గొప్పతనమే అనుకున్నాను. అసలు సంగతి గుళ్లో తెలిసింది.

ఎనభైల మొదట్లో మా మరిది పెళ్లి కుదిరింది. మా ఇంట్లో తాతముత్తాతల పేర్లన్నీ నోటికొచ్చేది నాకే. అందుకే ఏడు తరాల పేర్లతో పెళ్లికార్డు అచ్చేయించే పని అత్తమ్మ నాకు అప్పజెప్పింది. "సోమవారం మొదటి కార్డు ఝరాసంగం శివయ్య ముందట పెట్టాలె. అటెంకనే చుట్టాలకు," అంది. ఆ సోమవారం దాటితే చుట్టాలకు కార్డులు అందే ముచ్చటే లేదు.

పొద్దున్నే జహీరాబాద్ బజార్లో ఇస్మాయిల్ భాయ్ ప్రెస్సుకు పోయాను. పెళ్లికార్డులకు ఆయన దగ్గర ఒక ఇనుప చట్రం ఉండేది. పైన దేవుడి బొమ్మ, చుట్టూ పూల అంచు, విందుకు రమ్మనే మాటలు, అన్నీ బిగించి పెట్టినవే. ఎవరి పెళ్లయినా నడుమ పేర్లే మారతాయి. ఆయన సీసపు అక్షరాలు ఒక్కొక్కటి ఏరి, అద్దంలో కనబడేటట్టు తిరగేసి పేరుస్తుంటే నేను ఊపిరి బిగబట్టి చూశాను. నేను కళ్లతో చూడని పెద్దలు ఆయన వేళ్ల కింద లేచి నిలబడుతున్నారు.

"అక్కా, గింత పొడుగు లైను చట్రంల పట్టది. మూడు లైన్లు చేస్త. ఒకదాని కింద ఒకటి జర లోపటికి జరిపి పేరుస్తే మంచిగుంటది."

"వంశాన్ని నడుమ తెంపుతవా భాయ్? అదీ పెళ్లికార్డు మీద?"

"తెంపుడు కాదక్కా, మల్పుడు."

"మల్పొద్దు. ఒక్కటే వరుస ఉండాలె."

ఆయన సరేనని పక్కల పూల అంచు ఊడదీసి, చట్రం అడ్డం తిప్పి, చెక్కముక్కలు దట్టించి, పేర్లన్నీ ఒక్క వరుసలో పేర్చాడు. సిరా రాసి ప్రూఫ్ తీశాడు. మూలపురుషుడి నుంచి మా మరిది దాకా ఒక్క గీత గీసినట్టు!

మిషను మీదికి ఎక్కించడానికి చట్రం ఎత్తాడు. అంత పొడుగు వరుసకు నడుమ పట్టు ఎక్కడిది? వంగింది. గలగలమని మా ఏడు తరాలూ నేల మీద పడ్డాయి.

"చెప్తిని గదక్కా," అన్నాడు, అంతే.

అవి పెద్దల పేర్లు. పైగా ఒక అక్షరం నా కాలికే తగిలింది. గబగబా కింద కూర్చుని, ఒక్కోటి ఏరి, కళ్లకద్దుకుని ఆయన చేతికిచ్చాను. ఏది ఏ పెద్దాయనదో తెలియదు కదా, అన్నిటినీ అద్దుకున్నాను. ఇస్మాయిల్ భాయ్ నన్ను అదోలా చూసి తల దించుకున్నాడు.

"ఇగ మల్పమంటవా అక్కా?"

"మల్పు భాయ్."

మళ్లీ పేర్చి, బస్సు వేళకు ఒక్క కార్డు తడితడిగా తీసిచ్చాడు. వంశం తెగలేదు. మా పెద్దలు మెట్లు దిగి పెళ్లికొడుకు దగ్గరికి వస్తున్నట్టుంది.

చేతులు గుడ్డకు తుడుచుకుని, కార్డును ఇత్తడి పళ్లెంలో పెట్టుకుని బస్సెక్కాను. సీటిచ్చింది అప్పుడే. ఒక ముసలమ్మయితే దండం పెట్టి, "ఏడికి బోతున్నవు తల్లీ?" అంది.

"మా పెద్దలను శివయ్య కాడికి తీస్కపోతున్న," అన్నాను. ఆమె జర దూరం జరిగి కూర్చుంది.

గుళ్లో పూజారి కార్డు తీసుకుని, నా మొహం చాలాసేపు చూశాడు.

"అమ్మా, మా దగ్గర విభూతి తెల్లగుంటది. ఈ నల్లది ఏ గుడిల పూసిన్రు?"

ఖాళీ పళ్లెంలో చూసుకున్నాను. కనుబొమ్మల నుంచి చెంపల దాకా ప్రెస్సు సిరా.

మర్నాడు ఇస్మాయిల్ భాయ్‌ని అడిగాను, "చెప్పొద్దా భాయ్?" అని.

"మీ ఇంటి మొక్కేమో అనుకున్న అక్కా. దేవుని ముచ్చట, నేనెట్ల అడుగుత?"

పెళ్లిలో కార్డును మెచ్చుకోని వాళ్లు లేరు. అందులో మా ఏడు తరాలూ చక్కగా వరుసలో ఉన్నారు. నా మొహం మీద మాత్రం, ఎంత తోమినా పోకుండా, ఏ వరుసా లేకుండా అచ్చయి ఉన్నారు.