మొదట తట్టిన మాట

మా అత్తది మైసూరు వైపు. ఇన్నేళ్లుగా తిరుపతిలో ఉన్నా చెల్లెలితో ఫోనులో కన్నడమే. నేను గదిలోకి అడుగుపెడితే చాలు, గొంతు తగ్గిపోతుంది. నాకు కన్నడం అర్థమవుతుందని తెలుసు కదా, అందుకే. ఆ గుసగుసలన్నీ నా మీదే అని నా గట్టి అనుమానం.

మొన్న యూనివర్సిటీ నుంచి ఒక పిల్ల వచ్చింది. కన్నడం పిల్ల, తెలుగు అంతంతమాత్రమే. కన్నడం వాళ్ల మనసుల్లో ఏ మాట పక్కన ఏ మాట ఉంటుందో చదువుతోందట. తానొక మాట అంటే, అత్త తనకు మొదట తట్టింది చెప్పాలి. ఇంతమాత్రానికి ఎవరైనా ఎండలో ఇల్లు వెతుక్కుంటూ వస్తారా? ఆధార్ అడుగుతుందేమోనని చూశాను. అడగలేదు. అనుమానం ఇంకా పెరిగింది. కాఫీకి పాలు పెట్టి వంటింటి తలుపు చాటున నిలబడ్డాను.

"మళె" అంది పిల్ల. వాన అని.

"రాగి" అంది అత్త. రాగులు, వాన పడితే వేసే పంట.

"ఉప్పు" అంటే "ఉప్పినకాయి", ఊరగాయ. ఆలోచించడమే లేదు. నాకు కావలసింది మాత్రం ఒక్కటే, సొసె అన్న మాట. అంటే కోడలు. దానికి ఆమె నోట ఏం వస్తుందో వింటే ఇన్నేళ్ల గుసగుసల సంగతి తేలిపోతుంది.

వచ్చింది. "సొసె."

"మగ."

కొడుకు. అంతేనా? ఆమె మనసులో నాకంటూ ఒక చోటు లేదు, ఆయన పక్కన ఇంత జాగా తప్ప. వెనక పాలు పొంగి స్టవ్ మీద పడ్డా కదల్లేదు.

కాసేపటికి పిల్ల "నోవు" అంది. నొప్పి.

"సొసె" అంది అత్త టక్కున.

నొప్పి అంటే నేనా! ఇక ఊరుకునేది లేదని బయటికి రాబోయాను.

"యాకజ్జి?" ఎందుకని అడిగింది పిల్ల.

"మోకాలు పట్టేసినా, గుండెల్లో మంటొచ్చినా నేను పిలిచేది దాన్నే గదమ్మా. నా కొడుకు లేసేలోపల తెల్లారిపోతాది."

అక్కడే గోడకు ఆనుకున్నాను. ఏడుపొచ్చింది, దాచడమెందుకు.

కాఫీ ఇస్తుంటే అత్త నా మొహం చూడలేదు. "పాలు పొంగబెట్టినావా? ఇందాకట్నించి వాసనొస్తాండాది" అంది.

అయితే నేను తలుపు చాటునే ఉన్నానని ఆమెకు తెలిసే ఉంటుంది. లేకపోతే, అన్నిటికీ కన్నడంలో జవాబిచ్చిన మనిషి, తెలుగు సరిగా రాని ఆ పిల్లకు, అదొక్కటీ తెలుగులో ఎందుకు చెప్పింది?