గోరంట్ల టమోటా

బీట్‌రూట్ చెక్కు తీస్తుంటే తొలి వాన పడ్డ మడి వాసన వస్తుంది. ఆ వాసన చాలామందికి ఇష్టమట. నాకు మాత్రం అది ముక్కుకు తగిలితే చాలు, సాలమ్మ ఎక్కడైనా నిలబడి చూస్తోందేమోనని పక్కకు తిరుగుతాను. మొన్న ఆదివారం హిందూపురంలో మా వంటింట్లో రెండు గడ్డలు తురిమి మిక్సీలో వేశాను. దోసెల పిండి గిన్నె దగ్గరికి లాక్కున్నాను. హాల్లో మా ఆరేళ్ల మేఘన బొమ్మలు గీసుకుంటోంది. వంటింటి తలుపు దగ్గరగా వేశాను. మిక్సీ చప్పుడు అవతలికి వినబడకుండా అని నాకు నేనే చెప్పుకున్నాను. ఆ మిక్సీ చప్పుడు వీధి చివరి కిరాణా కొట్టు దాకా వినబడుతుందని నాకు బాగా తెలుసు. వేళ్ల నిండా, గోళ్ల సందుల నిండా ఎరుపు. ఆ గోళ్లు చూసుకున్నాక నా చెయ్యి మిక్సీ మీట మీంచి వెనక్కి వచ్చేసింది.

సాలమ్మ నాకు బంధువు కాదు, గురువూ కాదు. పదేళ్ల కిందట నాకు తొలి ఉద్యోగం వచ్చిన బడిలో మధ్యాహ్నం అన్నం వండే మనిషి. పెనుకొండకు కాస్త దూరంలో ఒక పల్లె, ముప్పై నలుగురు పిల్లలు, పెద్దసారు, నేను. బడి వెనక రేకుల షెడ్డులో సాలమ్మ, ఆమె పొయ్యి, ఆమె పాటలు. ఆదివారం చర్చిలో పాడిన పాటే శనివారం దాకా పాడేది. యాభై దాటిన మనిషి. నన్ను 'మేడమ్' అంటూనే 'నువ్వు' అనేది. ఆ రెండూ ఒకే మాటలో ఎలా ఇముడుతాయని మొదటి వారం కాస్త నొచ్చుకున్నాను. తర్వాత ఎవరైనా 'మేడమ్, మీరు' అంటే ఏదో పరాయిగా అనిపించడం మొదలైంది.

ఆమెకొక పద్ధతి ఉండేది. పొద్దున ప్రార్థన అయ్యాక పిల్లలు క్లాసుల్లోకి పోకముందే చేట పట్టుకొని వరుస ముందుకొచ్చేది. చేటలో ఆ రోజు వండబోయే కూరగాయలు. ఒక్కొక్కటి పైకెత్తి చూపించి దాని పుట్టుపూర్వోత్తరాలు చెప్పేది. "ఇది బెండకాయ. బంక ఉంటాది, వేయించినా కొంచెం ఉంటాది. ఇది వంకాయ. రెండు పుచ్చులున్యాయి, తీసి పారేసినా." నేను చేరిన మూడో రోజు కాకరకాయ ఎత్తింది. పిల్లలంతా ఒక్కసారిగా మూలిగారు. "చేదే నాయనా. చేదు కాదని నేను చెప్పను. రెండు ముక్కలు తిని నీళ్లు తాగండి. వద్దనేవాళ్లు చెయ్యెత్తండి, మీకు ఉత్త పప్పు పెడతా." ముప్పై చేతులు లేచాయి. సాలమ్మ చిన్నబుచ్చుకోలేదు. ముప్పై ముఖాలూ గుర్తుపెట్టుకొని లోపలికి పోయింది. మళ్లీ కాకరకాయ తెచ్చిన రోజు "ఈ పొద్దన్నా తింటావా?" అని ముప్పై మందినీ విడివిడిగా అడిగింది. ఇరవై ఏడుగురు వద్దన్నారు. "సరే" అంది.

నాకది చాదస్తంగా తోచింది. నేను కొత్తగా శిక్షణ పూర్తి చేసుకొని వచ్చినదాన్ని. పిల్లల మనస్తత్వం మీద పరీక్ష రాసి మంచి మార్కులు తెచ్చుకున్నదాన్ని. మా అమ్మ నా చిన్నప్పుడు ఇడ్లీలో క్యారెట్ దాచి తినిపించేది. నాకేం నష్టం జరిగిందట? పైగా ఆ రోజుల్లోనే ఫోన్‌లో ఒకావిడ వీడియోలు చూసేదాన్ని. పిల్లల కంట పడకుండా ఏ కూరగాయను దేనిలో ఎలా కలపాలో ఆవిడ నవ్వుతూ చెప్పేది.

మూడో తరగతిలో నాగవేణి అని ఒక పాప ఉండేది. పుల్లలాంటి చేతులు. అమ్మానాన్నలు తెల్లారకముందే కూలికి పోయేవాళ్లు. రాత్రి మిగిలింది ఏదైనా ఉంటే పొద్దున తినేది, లేకపోతే లేదు. బడిలో పెట్టే అన్నమే దానికి అసలు భోజనం. ఒకరోజు ఆరోగ్య కేంద్రం నర్సమ్మ వచ్చి పిల్లల కళ్ల కింది రెప్పలు లాగి చూసి, "ఈ పాపకు రక్తం తక్కువుండాది మేడమ్. ఆకుకూరలు, బీట్‌రూట్ పెట్టించండి" అని చెప్పి పోయింది. నాగవేణి అన్నీ తినేది, ఒక్క బీట్‌రూట్ తప్ప. చేటలో అది కనబడితే అందరికంటే ముందు లేచే చెయ్యి దానిదే.

"సాలమ్మా, మెత్తగా రుబ్బి టమోటా అన్నంలో కలిపేద్దాం. దానికి తెలియను కూడా తెలియదు" అన్నాను.

సాలమ్మ బియ్యం ఏరుతున్న చెయ్యి ఆపింది. "తెలిస్తే?"

"తెలిసేలోపు రక్తం పడుతుంది కదా!"

"చెప్పి పెడితే ఆ పూట తినరు, అంతే గదా మేడమ్. మోసం చేసి పెడితే ఇంక మన చేతి కూడే తినరు. నేను చెయ్యను" అని మళ్లీ బియ్యంలోకి వంగింది. చదువులేని మనిషికి పోషణ గురించి ఏం తెలుసులే అనుకున్నాను. ఇప్పుడు రాస్తుంటే సిగ్గుగా ఉంది గానీ, అచ్చంగా అలాగే అనుకున్నాను.

ఆ తర్వాతి వారం సాలమ్మ ధర్మవరంలో చెల్లెలి కొత్తింట్లో ప్రార్థన ఉందని ఒక రోజు సెలవు పెట్టింది. బదులుగా తోడికోడలిని పంపింది. ఆమె నెమ్మదస్తురాలు, మేడమ్ ఏం చెబితే అది. నేను పెనుకొండలో నా అద్దె గదిలో తెల్లవారుజామునే లేచి, నాలుగు బీట్‌రూట్ గడ్డలు రుబ్బి, క్యారియర్‌లో పోసుకొని బస్సెక్కాను. మధ్యాహ్నానికి టమోటా అన్నం పెళ్లి పందిట్లో పట్టుచీరలా ఎర్రగా మెరిసిపోతోంది. పిల్లలు పళ్లాలు పట్టుకొని ఆగిపోయారు.

"ఇంత ఎర్రగా ఉందేంది మేడమ్?" అని నాగవేణే అడిగింది.

అబద్ధం ఆడటంలో నాకు అనుభవం తక్కువ. అనుభవం లేనివాళ్లు ఒక్క అబద్ధంతో సరిపెట్టుకోరు, దానికి ఊరూ పేరూ కూడా పెడతారు. "ఇవి మామూలు టమోటాలు కాదమ్మా, గోరంట్ల టమోటాలు. ప్రత్యేకంగా తెప్పించాను. అక్కడి నేలకు అంత ఎరుపొస్తుంది" అన్నాను. పిల్లలు "ఓహో" అన్నారు. నాగవేణి రెండుసార్లు పెట్టించుకొని తింది. ఆ సాయంత్రం బస్సులో కిటికీ పక్కన కూర్చొని నాలో నేనే నవ్వుకుంటూ వచ్చాను.

మర్నాడు బడి గేటు దగ్గర తిరునాళ్లంత జనం. మధ్యలో నాగవేణి అవ్వ జుట్టు విరబోసుకొని అరుస్తోంది. "మా పాప ఉచ్చ ఎర్రగా పోస్తాండాది! రక్తం పోతాండాది! యాడ రక్తముండాదని దానికి, అదీ పోతాండాది!" ఇంకో ఐదారుగురు పిల్లలకూ అదే సంగతి. పుట్టపర్తి పెద్దాసుపత్రికి పోదామని ఎవరో ఆటో కూడా తెచ్చేశారు. ఏ జబ్బూ లేని పిల్లలు సైతం అందులో ఎక్కి కూర్చున్నారు. పెద్దసారు చెమటలు తుడుచుకుంటూ అటూ ఇటూ తిరుగుతున్నాడు. అప్పుడే ధర్మవరం నుంచి దిగి చేతిసంచితో వస్తున్న సాలమ్మను జనం చుట్టుముట్టారు. ముందురోజు వండింది తోడికోడలైనా వంట బాధ్యత ఆమెదే కదా.

"ఏం కలిపినావే కూట్లో? నిన్ను మాన్పించి వేరేవాళ్లను పెట్టుకుంటాం!" అని అవ్వ ఆమె భుజం పట్టి ఊపేసింది.

బీట్‌రూట్ తింటే కొందరికి అలా ఎర్రగా వస్తుందని, దాంతో ప్రమాదమేమీ లేదని నేనెక్కడో చదివాను. చదివినది ఆ క్షణంలో గుర్తొచ్చింది కూడా. కానీ పైకి చెప్పలేదు. కొత్త ఉద్యోగం, ఇంతమంది జనం, పక్కన పెద్దసారు. ఇంకొంచెం సేపు ఊరుకుంటే ఎలాగో సద్దుమణుగుతుందేమో అనిపించింది. సాలమ్మ చేతిసంచి కింద పెట్టింది. జనం తలల మీదుగా నా వైపు చూసింది. ముఖం చూసి, చేతులు చూసి, గోళ్ల దగ్గర ఆగింది. వాటిలో ఎరుపు ఇంకా అలాగే ఉంది. నన్ను చూపించి ఒక్క మాట అంటే ఆమె బయటపడేది.

"ఉండండప్పా" అంది గట్టిగా. "మేడమ్ ఏందో చెప్పల్లంటాంది."

నేనలా ఏమీ అనలేదు. కానీ ఇక చెప్పక తప్పలేదు. మొత్తం చెప్పాను, గది దగ్గర్నుంచి క్యారియర్ దాకా.

"అంటే రక్తం కాదా?" అంది అవ్వ.

"కాదవ్వా. బీట్‌రూట్."

"మరి గోరంట్ల టమోటా అంటివి గదా మేడమ్!" అని ఆటోలోంచి ఒక పిల్లవాడు అరిచాడు. జనం గొల్లుమన్నారు. తిట్టినవాళ్లు తిట్టారు, నవ్వినవాళ్లు నవ్వారు. ఆటో ఎక్కిన పిల్లలు మాత్రం పుట్టపర్తి పోవాల్సిందేనని దిగనన్నారు. ఆ రోజు నుంచి మా బడిలో ఎవరు అబద్ధం చెప్పినా 'గోరంట్ల టమోటా' అనేవాళ్లు. హోంవర్క్ పుస్తకం మేక తినేసిందని ఒకడంటే, వెనక బెంచీ నుంచి "గోరంట్ల టమోటా మేడమ్" అని వినబడేది. నేను తలెత్తకుండా బోర్డు తుడుచుకునేదాన్ని.

నాగవేణి ఒక్కతే నవ్వలేదు. ఆ మధ్యాహ్నం పళ్లెం ముందు పెట్టుకొని ఊరికే కూర్చుంది. "నాకొద్దు" అంది. ఉడికించిన గుడ్డు ఇస్తే దాన్నీ తిప్పి తిప్పి చూసింది.

"గుడ్డులో ఏం కలుపుతారే పిల్లా?" అంది సాలమ్మ.

"మేడమ్‌ను అడుగు" అంది నాగవేణి.

రెండో రోజూ తినలేదు. మూడో రోజూ నీళ్లు తాగి క్లాసుకొచ్చింది. రక్తం పట్టిద్దామని పోయి, ఉన్న ఒక్క పూట కూడూ మాన్పించాను. షెడ్డు వెనక నిలబడి ఏడ్చాను. సాలమ్మ చూసింది.

"నీ ఏడుపుతో పాప కడుపు నిండుతాదా మేడమ్? రేప్పొద్దున్నుంచి చేట నువ్వు పట్టు."

మర్నాడు వరుస ముందు చేట పట్టుకొని నిలబడ్డాను. "ఇది సొరకాయ. ఒంటికి చలువ చేస్తుంది" అన్నాను.

"మంచి ఒక్కటేనా? చెడ్డా చెప్పు" అంది సాలమ్మ వెనక నుంచి.

"రుచి... పెద్దగా ఉండదు."

పిల్లలు చప్పట్లు కొట్టారు. మధ్యాహ్నం నాగవేణి షెడ్డులోకి వచ్చి, గరిటె తీసుకొని కుండ అడుగుదాకా కలిపి చూసింది. "సొరకాయేనా? ఒట్టా?" అని నన్నడిగింది.

"ఒట్టెందుకులే పాపా" అంది సాలమ్మ. "ఒకసారి తప్పిన నోటికి ఒట్టేం ఆగుతాది? నువ్వే చూసుకొని తిను."

చూసుకొని తింది. నెల రోజులు అలా కుండ తనిఖీ చేశాకే పళ్లెం పట్టేది. తర్వాత అప్పుడప్పుడు మర్చిపోయేది. ఆ పైన పూర్తిగా మానేసింది. ఆ మానేసిన రోజు ఏదో ఇప్పుడు చెప్పలేను, అది జరిగినట్టు కూడా నాకు తెలియలేదు. గోంగూర పప్పు, రాగి జావ, చిక్కీ, ఏది పెట్టినా తినేది. మరుసటేడు నర్సమ్మ రెప్ప లాగి చూసి, "పర్వాలేదే" అంది. బీట్‌రూట్ వచ్చిన రోజు మాత్రం, "ఈ పొద్దన్నా తింటావా?" అంటే "వద్దు" అనేది. "సరే" అనేదాన్ని. రెండేళ్లలో ఎన్నిసార్లు అడిగి ఉంటానో లెక్క లేదు.

ఐదో తరగతి ఆఖరి రోజున నాగవేణి తనంతట తనే షెడ్డు దగ్గరికొచ్చింది. "మేడమ్, ఒక్క ముక్క పెట్టు" అంది. ఆ రోజు వండిన బీట్‌రూట్ కూరలోంచి ఒక ముక్క పళ్లెంలో వేశాను. కళ్లు గట్టిగా మూసుకొని నమిలింది. బడి బడంతా దాని గొంతు వైపే చూస్తోంది. మింగింది. కళ్లు తెరిచింది.

"బాగలేదు మేడమ్."

సాలమ్మ పొయ్యి దగ్గర కూలబడి నవ్వింది. పైట కొంగుతో కళ్లు తుడుచుకుంటూ, "పాపకు బాగలేదంట! నువ్వు నిజం చెప్పి పెడితివి, అది నిజం చెప్పినాది. ఇంక నువ్వు పాసైనావు పో మేడమ్" అంది. నేను రాసిన పరీక్షలన్నిటిలో నాకు బాగా గుర్తున్నది అదే.

సాలమ్మ పోయి రెండేళ్లయింది. జ్ఞాపకార్థ కూటానికి హిందూపురం నుంచి పోయాను. ప్రార్థన అయ్యాక బంతిలో కూర్చుంటే, ఆమె కొడుకు గంపెడంత పప్పు గిన్నెతో వచ్చి ఆకు ఆకుకూ చెబుతున్నాడు. "గోంగూర పప్పన్నా. ఉప్పు రవ్వంత ఎక్కువైనాది." అందరూ నవ్వారు. కొందరు నవ్వుతూనే ఏడ్చారు, నేనూ ఏడ్చాను. వెనకే ఇంటర్ చదివే ఒక అమ్మాయి పచ్చడి వడ్డిస్తూ వచ్చి నా ఆకు దగ్గర వంగింది. "టమోటా పచ్చడి మేడమ్. మన ఊరిదే, గోరంట్లది కాదు" అంది. నాగవేణి అప్పటికి నాకంటే పొడుగైంది.

మొన్నటి ఆదివారానికి వస్తాను. వంటింటి తలుపు తీసి మేఘనను పిలిచాను. "ఇది బీట్‌రూట్. దోసెల్లో వేద్దామనుకుంటున్నాను. మట్టి వాసన ఉంటుంది. తింటే కొందరికి ఒంటేలు ఎర్రగా వస్తుంది, భయపడక్కర్లేదు. తింటావా?"

"వద్దు" అంది, ఆలోచించను కూడా ఆలోచించకుండా.

"సరే" అన్నాను. దానికి తెల్ల దోసెలు పోసి, ఎర్రవి నేను తిన్నాను. అది తింటున్నంతసేపూ నన్నే చూసింది.

మర్నాడు పొద్దున నేను బాత్రూమ్ తలుపు తీసేసరికి ఎదురుగా నిలబడి ఉంది. "ఎర్రగా వచ్చిందా?"

వచ్చిందంటే ఎంత బాగుండేదో. వింత చూడాలని ఆ పూటే రెండు దోసెలు తినేది. మాట నాలుక చివరి దాకా వచ్చింది.

"రాలేదమ్మా. మామూలుగానే ఉంది" అన్నాను.

మేఘన కాసేపు నా ముఖంలోకి చూసింది. నిన్న మిగిలిన ఎర్ర పిండి ఫ్రిజ్‌లో ఉందా అని అడిగింది. ఉందన్నాను.

"అయితే నాకొకటి పొయ్యి. నాకొస్తుందేమో చూద్దాం" అంది.