కార్బురేటర్ కింద డబ్బా

రాజాంలో మా అక్క గుమ్మంలోనే నా చెయ్యి పట్టుకుంది. గుప్పున పెట్రోలు వాసన. తిప్పి చూస్తే అరచేతుల్లో తోలంతా పొరలు పొరలుగా లేచిపోయి ఉంది.

"ఏటిదే?" అన్నాను.

"బండి కారతన్నాది" అంది, వంట గురించి చెప్పినంత మామూలుగా. చెబుతూ నవ్వింది. పక్క పన్ను లేదు. "పన్నేదే?" అంటే నవ్వు ఆపేసింది.

బండంటే మా బావకి వాళ్ళ నాన్న వదిలిపోయిన పాతకాలం మోటార్ సైకిలు. ఆయన ప్రాణమంతా దాని మీదే. కార్బురేటర్ నుంచి పెట్రోలు కారడం మొదలయ్యాక ప్రతి చుక్కకీ మా అక్కే జవాబుదారీ అయింది. ఇంటి ముందు సిమెంటు మీద మరక కనిపిస్తే దెబ్బ. కిక్కు కొట్టినా స్టార్టు కాకపోతే ఇంకో దెబ్బ. "తుడిసినప్పుడు నువ్వే ఏదో కదిపీసినావు" అంటాడట. అందుకని అక్క తెల్లారకుండానే లేచి, కారే చోట బట్టల సబ్బు పిసికి రాసేది. సబ్బు పెడితే పెట్రోలు ఆగుతుందని మా వైపు చంటిపిల్లలకి కూడా తెలుసు. అప్పటికీ కారితే కింద పాత పెయింటు డబ్బా పెట్టి, ఆయన లేచేలోగా తీసి పెరట్లో దాచేది.

నాకు ఒళ్ళు మండిపోయింది. వాణ్ణి నరికినా పాపం లేదనిపించింది. అక్క నా రెండు చేతులూ పట్టుకుంది. "గొడవెట్టకే. నీకు నాన్న పని నేర్పినాడు కదా, దాన్ని బాగు సేసీ. అది బాగైతే ఆడూ బాగైపోతాడు."

మా నాన్న నెల్లిమర్ల జూట్ మిల్లులో ఫిట్టరు. సెలవొస్తే ఇంటి ముందు ఎవరిదో ఒక బండి విప్పేవాడు. పక్కన కూర్చుని ఆ పనంతా నేర్చుకున్నాను. ఆ ఆదివారం కూడా బండి స్టార్టు కాక బావ పక్కింటాయన స్కూటీ మీద ఏసు గుడికి వెళ్ళాడు. ఆరాధన అయ్యేలోగా పని తేల్చాలి.

వాడి పీక నులుముతున్నట్టే స్క్రూలు తిప్పాను. కార్బురేటర్ నిండా ఎండిపోయిన సబ్బు. గీకి పారేసి, పెట్రోలుని ఆపే సూది శుభ్రం చేసి బిగించాను. కారింది. మూత సందులో వేసే గ్యాస్కెట్ కొత్తది కత్తిరించి వేశాను. అయినా కారింది. "నీ దుంపతెగ!" అని స్పానరు నేలకేసి కొట్టాను. ఎదురు దుకాణం ఆయన "ఓలమ్మ, ఆడపిల్ల బండి ఇప్పుతన్నాది సూడండర్రా" అంటూ సెల్‌ఫోన్లో వీడియో తీయడం మొదలెట్టాడు. తీసుకో, నాకేం?

మళ్ళీ విప్పి ఇత్తడి ఫ్లోటు చెవి దగ్గర పెట్టుకుని ఊపాను. లోపల బుడబుడమంది. దొరికింది దొంగ! పెట్రోలు మీద తేలి, నిండగానే సూదిని పైకి నెట్టి దారి మూయాల్సిన ఫ్లోటు అది. దానికే చిల్లి పడి, లోపలికి పెట్రోలు చేరి మునిగిపోతోంది. వేడి నీళ్ళలో ముంచితే చిల్లి దగ్గర బుడగలొచ్చాయి. లోపల తడి ఉండగా టంకం పెడితే చేతిలోనే పేలుతుంది. పూర్తిగా వంపేసి, ఎండలో ఆరబెట్టి, అప్పుడు టంకం పెట్టాను. అంతా బిగించి తన్నితే ఒక్క కిక్కుకే బండి అందుకుంది.

అక్క కిందికి వంగి కార్బురేటర్ అడుగున వేలితో తడిమి చూసుకుంది. పొడిగా ఉంది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. నా కడుపు నిండిపోయింది.

బావ తెల్ల చొక్కాతో, చేతిలో బైబిలుతో వచ్చాడు. బైబిల్ని జాగ్రత్తగా కిటికీలో పెట్టాడు. పెట్టి, అక్క చెంప పగలగొట్టాడు.

"గుడిలో అందరి ఫోన్లలోనూ ఆ వీడియోనే! ఆడదాని సేత బండి బాగు సేయించుకునే ఎదవనా నేను?"

"బావా, కారట్లేదు! సూడు, ఒక్క సుక్క లేదు!" అని అరిచాను, వెర్రిదానిలా. ఆయన బండి వైపు కూడా చూడలేదు. అక్క జుట్టు పట్టుకుని తలని తలుపుకేసి కొట్టాడు. నేను సుత్తి అందుకునేలోగా అక్క విడిపించుకుని పెరట్లోకి పరిగెత్తింది. దాక్కుందనుకున్నాను.

డబ్బాతో వచ్చింది. రెండో చేతిలో పొయ్యి దగ్గరి అగ్గిపెట్టె. దాచిన పెట్రోలంతా బండి సీటు మీదా ట్యాంకు మీదా కుమ్మరించింది. "ఇంకోపాలి సెయ్యెత్తు. ఎత్తు, సూస్తాను."

బావ పరిగెత్తుకెళ్ళి బండి మీద పడ్డాడు. ట్యాంకుని రెండు చేతులా కావలించుకున్నాడు. "వద్దే, నీ కాళ్ళట్టుకుంటాను, మా బాబు బండే ఇది" అని వెక్కి వెక్కి ఏడుస్తూ, తెల్ల చొక్కా విప్పి పెట్రోలు తుడిచాడు.

అక్క చాలాసేపు అలాగే చూసింది. నుదుటి మీంచి రక్తం కారుతున్నా తుడుచుకోలేదు. తర్వాత అగ్గిపెట్టె నా చేతిలో పెట్టి, బట్టల సంచి కోసం లోపలికి వెళ్ళింది.

అగ్గిపెట్టెని మురిక్కాలవలోకి విసిరేశాను. "జరుగు" అన్నాను బావతో. సుత్తి చూసి జరిగాడు. కసి తీరేదాకా కార్బురేటర్ని బాదాను. దాని అడుగు గిన్నె పగిలి పెట్రోలు ధారగా రోడ్డు మీదికి పోయింది. బావ కింద కూలబడి దానికి దోసిలి పట్టాడు.

విజయనగరం బస్సెక్కాం. నేను కొంగుతో నుదురు తుడుస్తుంటే అక్క నా చెయ్యి ఆపింది.

"నా పన్ను రాలినప్పుడు ఆడే దాన్ని ఏరి పెంట మీదికి ఇసిరీసినాడే. కంట్లో తడి లేదు" అంది. "ఆడికి ఏడుపొస్తాదని నాకిన్నాళ్ళూ తెలీదు."